చదివింపుల సవరణ

ఫోన్లో పంపుకునే గుప్తం నాణెం వచ్చాక, నరసరావుపేట పెళ్లిళ్లలో చదివింపుల మైకు పట్టుకునే కోటిలింగం గొంతుకు పనిలేకుండా పోయింది. ఎవరు పంపారో, ఎంత పంపారో ఎవరికీ కనపడని డబ్బు అది. అందుకున్నవాళ్లకు తెలిసేది మొత్తం ఒక్కటే.

దాన్ని నడిపేవాళ్లను అతను పోరగా పోరగా ఆ నాణేనికి ఒక సవరణ వచ్చింది. పెళ్లికొచ్చినవాళ్లలో ఎక్కువమంది ఫోన్లో రహస్యంగా అవునని ఓటేస్తే, ఆ పెళ్లి వరకు పేర్లూ అంకెలూ బయటపడతాయి.

వీరభద్రం గారి అమ్మాయి పెళ్లిలో మూడొందల ఓట్లు పడ్డాయి. అవునన్నది ఒక్కటే, అది కోటిలింగానిదే.

అంకెలు బయటపడవని తేలగానే మైకు దగ్గర జనం మూగారు.

"నాది పదివేలు, కాస్త గట్టిగా చదువన్నాయ్," అన్నాడు పెళ్లికూతురి మేనమామ.

"ఆయన పదన్నాడా? అయితే మాది ఇరవై," అంది వెనకనున్న మేనత్త.

కోటిలింగం గొంతు బొంగురుపోయేదాకా చదివాడు. మొత్తం తొమ్మిది లక్షలు దాటింది. వంటవాళ్లకు ఇవ్వాలని వీరభద్రం ఫోను తీసి చూస్తే నలభై ఒక్క వేలే ఉంది.

"ఏందయ్యా ఇది? ఎవరు ఎగ్గొట్టినట్టు?"

"ఓటు నెగ్గుంటే తెలిసేదేనండీ. ఇంతకీ తమరి ఓటు ఎటేశారు?"

వీరభద్రం ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"అది రహస్యం కదయ్యా!"