బకెట్టులో నత్తలు

"ఏటుంది ఆ బకెట్లో?"

కాసులమ్మ కేకకి, వంగతోటలో వంగి ఉన్న మనిషి నిటారుగా లేచింది.

అప్పుడే తెల్లవారుతోంది. రాత్రి కురిసిన వానకి నేల ఇంకా మెత్తగానే ఉంది.

ఆమె బకెట్టు వంచి చూపించింది. పిడికిలంతేసి నత్తలు, ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి.

కాసులమ్మకి కోపం కన్నా ముందు సంతోషం లాంటిది కలిగింది. చాలా రోజులుగా వెతుకుతున్న శత్రువుకి ఒక ముఖం దొరికింది.

ఆ తోట ఫెరార్‌గంజ్ ఊరి ఆడవాళ్ళ గ్రూపుది. మందు చుక్క వేయకుండా పండిద్దామని పట్టుబట్టింది కాసులమ్మే. ఈ పంట చేతికి రాకపోతే మళ్ళీ మందుల సేద్యమేనని మిగతావాళ్ళు ముందే చెప్పేశారు.

"ఈ దీవుల్లో నత్తల్ని బూడిదతో ఆపుతారా? నెల తిరక్కుండా నా దగ్గరికే వస్తారు," అని బజారులో కొత్తగా మందుల దుకాణం పెట్టిన గణేశ్వరరావు అందరి ముందూ నవ్వాడు. ఆ గడప తొక్కబోమని కాసులమ్మ ఆడవాళ్ళందరి చేతా ఒట్టు పెట్టించింది.

గట్టు చుట్టూ బూడిద చల్లారు. అయినా రోజూ కొన్ని నత్తలు కనిపిస్తూనే ఉన్నాయి. ఎలా వస్తున్నాయో ఇప్పుడు తెలిసింది.

"బేబీరాణీ! గురువమ్మా! రండే, దొంగ దొరికింది!"

"నేను ఏరుతున్నానక్కా," అందామె.

బేబీరాణి పకపకా నవ్వింది. "అరే వాహ్! మా తోటలో నత్తలు నువ్వెందుకు ఏరతావే? కూరొండుకుంటావేటి?"

"మందు లేకుండా ఒక్క పంటైనా వస్తే చూడాలని ఉంది."

"ఎటకారం సూడు దీనికి!" అంది గురువమ్మ.

కాసులమ్మ ఆమె దగ్గరికి వెళ్ళింది. "ఏరడం లేదు, తెచ్చి వదుల్తున్నావు. సచ్ బోల్, నిజం చెప్పు. ఎవులింటిదానివి నువ్వు?"

అంతవరకూ మాటకి మాట చెప్పిన మనిషి ఆ ప్రశ్నకి తల దించుకుంది.

కాసులమ్మకి ఆ మౌనం చాలు. బకెట్టు లాక్కుని నత్తల్ని ఉప్పునీళ్ళ డ్రమ్ములో కుమ్మరించింది.

"మళ్ళీ ఇటేపు కనబడితే కాళ్ళిరగ్గొడతాం. చలో!"

ఆమె ఖాళీ బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు కాసులమ్మ కడుపునిండా తిన్నది. తప్పు తనది కాదని తేలితే ఆకలి వేస్తుంది.

తర్వాత మళ్ళీ వానలు పట్టాయి. తగ్గవలసిన నత్తలు పెరిగాయి. వంగ ఆకులకి ఈనెలే మిగిలాయి. పొద్దున్నా సాయంత్రం అందరూ ఏరినా చేతులు చాలలేదు.

"అదొచ్చినప్పుడే నయం. ఇన్ని లేవు," అంది బేబీరాణి వేళాకోళంగా.

ఎవరూ నవ్వలేదు.

కాసులమ్మకి అర్థమైంది. అర్థమైన సంగతి పైకి అనలేదు. అంటే, తన మాట మీద నడిచినవాళ్ళ ముందు తనేమవుతుందో ఆమెకి తెలుసు. బస్టాండులో, చేపల బజారులో, నీళ్ళ కుళాయిల దగ్గర ఒక్కతే ఆ ముఖం కోసం వెతికింది. ఎక్కడా లేదు.

"బస్, ఇంక చాలు దీదీ," అంది గురువమ్మ చివరికి. "ఒట్టు పెట్టించింది నువ్వు. నువ్వే ఎల్లి మందు తే."

కాసులమ్మ మొదటిసారి ఆ గడప తొక్కింది.

గణేశ్వరరావు పాత మాటేదీ ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం కూడా లేదు.

"నత్తలకేనా?"

ఆమె తలూపింది.

"ఏమేవ్! నత్తలమందు డబ్బా ఒకటి పట్రా," అని అతను వెనకనున్న ఇంటివైపు కేకేశాడు.

తెర తొలగించుకుని, డబ్బా పట్టుకుని వచ్చిన అతని భార్య ముఖం కాసులమ్మ ఊరంతా వెతికిన ముఖమే.