చెయ్యి తక్కువ

"కొత్త కార్డుల ఆటకి కూడా ఒంటరి ప్యాకే కొనమ్మా, అందరూ అదే కొంటున్నారు," అంది కూతురు చిన్మయి తన గదిలోంచి మళ్లీ. "ఎదుటి ముక్కలు వాటంతటవే ఆడేస్తాయి."

"ఇద్దరాడే పెట్టెలో?" అడిగింది రోహిణి.

"ఉత్త అట్టముక్కలు. ఎదురుగా మనిషి కూర్చోవాలి. నీతో ఎవరు కూర్చుంటారమ్మా? ఒక్క ముక్క వేయడానికి యుగం ఆలోచిస్తావు."

"ఏమోయ్, ఆ పెట్టె ఇంకా అమ్ముతున్నారా!" పక్కగదిలోంచి భర్త శశిధర్ నవ్వాడు.

రోహిణి ఫోను తెర మీది రెండు పెట్టెల బొమ్మల్నీ మార్చి మార్చి చూసింది. పాత ఆటల ఒంటరి ప్యాకులు ఇంట్లో ముగ్గురికీ ఉన్నాయి. సాయంత్రమైతే ఎవరి తలుపు వెనక వాళ్ల నవ్వులు వినిపిస్తాయి. "భలే వేశావు రోహిణీ," అని తన ముక్కలు తనను మెచ్చుకుంటాయి. ఈ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవి అవే.

చిన్నప్పుడు పేకాటకి మనిషి చాలకపోతే, "చెయ్యి తక్కువైంది, ఎవరైనా రండర్రా!" అని తాతయ్య వరండాలోంచి కేకేసేవాడు. పొయ్యి మీద పాలు వదిలేసి అమ్మ పరిగెత్తేది. ఇప్పుడు ఎవరికీ చెయ్యి తక్కువ కావడం లేదు.

ఆర్డరు నొక్కి, రోహిణి రెండు గదుల మధ్యకొచ్చి నిలబడింది.

"ఇద్దరి పెట్టె తెప్పిస్తున్నాను," అంది నెమ్మదిగా. "రేపు అన్నాలయ్యాక హాల్లో కూర్చుంటాను. ఒక చెయ్యి తక్కువుంది."