పేరు రాయని ఉత్తరం

“పోనీ, ఆడమనిషా మగమనిషా? అదొక్కటి చెప్పండి మేడమ్.”

“అదీ చెప్పనండి,” అంది రికార్డుల గుమస్తా.

బస్సు డ్రైవరు తన కుర్చీని కౌంటరుకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు. ఏడాది క్రితం ఆయన తొమ్మిదేళ్ల కూతురికి రక్తపు జబ్బు ముదిరింది. ఇక ఆశ లేదనుకున్న రోజుల్లో, ముక్కూ మొహం తెలియని మనిషెవరో తన ఎముక మూలుగ దానం చేశారు. పిల్ల బతికింది. ఆ దాతను చూసి ఒక్కసారి దణ్ణం పెట్టుకోవాలని ఆయన ఇప్పటికి నాలుగుసార్లు సెలవు పెట్టి ఆసుపత్రి చుట్టూ తిరిగాడు.

“అంతా ఆ కంప్యూటర్లోనే ఉంటుందట కదా. కళ్ల ముందు పెట్టుకుని...”

“కళ్ల ముందుంటే మాత్రం? ఆ ఫైలుతో నాకు పని లేదు. పని లేని ఫైలు తెరవను. నేనూ ఇంతవరకూ చూడలేదు.”

“కన్నతండ్రి అడుగుతుంటే మీకు మనసెలా ఒప్పుతోందమ్మా?” ఆయన గొంతు పెరిగింది. అటుగా వెళ్తున్న నర్సు ఆగి చూసింది.

ఆమె నొచ్చుకోలేదు. “పాప జబ్బు సంగతి బళ్లో ఎవరికీ చెప్పలేదన్నారు. రేపెవరో వచ్చి నా కాళ్లావేళ్లా పడితే పాప కాగితాలు చూపించెయ్యనా?”

తోటిపిల్లలు జాలిగా చూస్తారని ఆ సంగతి భార్యా తనూ ఎంత గుట్టుగా ఉంచారో ఆయనకే తెలుసు.

“దారి లేదని కాదు,” అందామె. “మీ ఫోన్లో మన ఆసుపత్రి యాప్ ఉంది కదా, అందులో ఉత్తరం రాయండి. నేరుగా దాత ఫోనుకే వెళ్తుంది. మీ పేరు వాళ్లకి తెలీదు, వాళ్ల పేరు మీకు తెలీదు.”

ఆయన ఫోను వెనక అట్ట ఊడదీశాడు. పాస్‌వర్డ్ రాసిన చీటీ అక్కడుంది.

“ఇంటికి తాళం వేసి చెవి గుమ్మానికే తగిలించినట్టుందండీ. ముందది మార్చండి,” అని ఆమె కుర్చీ తిప్పుకుని, ఆయన “అయిందమ్మా” అనేదాకా గోడకేసి చూస్తూ కూర్చుంది. ఓటీపీ పైకి చదవబోతే, “నాక్కూడా చెప్పకూడదు,” అంది.

ఆ మాటతో ఆయన కోపం చల్లారింది. ఇలాంటి మనిషి దగ్గరా నా బిడ్డ కాగితాలున్నది, ఇక గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు అనుకున్నాడు.

ఉత్తరానికి ఇరవై నిమిషాలు పట్టింది. అలవాటుగా పిల్ల పేరు రాసి, నాలిక్కరుచుకుని చెరిపేశాడు.

“తప్పులేమైనా ఉన్నాయేమో చూస్తారా?”

“మీ ఉత్తరం నేను చదవకూడదండి. తప్పులుంటే ఉండనివ్వండి. వాళ్లేం మార్కులు వెయ్యరు.”

ఆయన నవ్వి, పంపు అన్న బొమ్మ మీద వేలు పెట్టాడు. ఆమె సొరుగులో ఫోను గుర్రుమంది. ఆమె అటు చూడనైనా లేదు. ఎదురుగా మనిషి ఉండగా ఫోను ముట్టని మనిషిని చూసి ఆయనకి చాలా కాలమైంది.

“ఇందాక నోరు జారాను, ఏమనుకోకండి.” లేచి చేతులు జోడించాడు. “వాళ్లకి పెట్టాల్సిన దణ్ణం మీకు పెట్టి పోతున్నాను.”

“అయ్యో, నాకెందుకండీ,” అంటూ ఆమె కూడా లేచి నిలబడింది.

ఆయన గుమ్మం దాటాక, కౌంటరు దగ్గర ఇంకెవరూ లేరని చూసుకుని, ఆమె సొరుగు లాగి ఫోను చేతిలోకి తీసుకుంది. తెర మీద ఆసుపత్రి యాప్ సందేశం కనిపించింది.

“దాత గారూ, మీకొక ఉత్తరం వచ్చింది.”