మడమ మీది మరక

"మడిమె చూపియ్యి బిడ్డా!"

ఎదురు మంచం మీది మొగిలమ్మ వంగి కమల కాలు దొరకబుచ్చుకుంది.

కమల విసురుగా లాక్కుంది. "అద్దకం మరకవ్వా. నూలుకు రంగులేస్తం గదా, రంగునీళ్లు తొక్కి తొక్కి అంటింది. మా వాడకట్టుల అందరి కాళ్లు గిట్లనే ఉంటయ్."

"వాళ్లది రుద్దితె పోతది. నీది పోతాందా?"

కమల కాలు చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది. ఎంత రుద్దినా పోవడం లేదని ఆమెకూ తెలుసు.

ఎనభై రెండో సంవత్సరం వానాకాలమంతా వరంగల్‌లోని ఆ చర్మరోగాల వార్డులోనే గడిచిపోయింది. కిటికీకి ఇనుప చువ్వలు. కమల ఒంటినిండా ఎర్ర మచ్చలు. ఇది కుష్ఠు కాదు, చర్మంలో పుట్టి మెల్లగా పాకే కాన్సర్, ఎవరికీ అంటదు అని డాక్టర్ విజయలక్ష్మి ఎంత చెప్పినా అత్త నమ్మలేదు. మచ్చలు పోయేదాకా గడప తొక్కొద్దంది.

రెండేళ్ల కొడుకు ఆ గడప లోపలే ఉన్నాడు.

మందులు పూయగా పూయగా మచ్చలు మాసిపోయాయి. తెల్లారితే పెనిమిటి యాకయ్య వచ్చి తీసుకుపోతాడు. ఇప్పుడు ఇంకో మచ్చ బయటపడితే అత్త తలుపు తీయదు.

"జర డాక్టరమ్మకు చూపియ్యి బిడ్డా."

"నోరు మూసుకో అవ్వా! నిన్ను తీస్కపోను ఎవ్వలు లేరు. నేను పోతాన్నని నీకు కండ్లమంట."

మొగిలమ్మ బోసినోటితో నవ్వింది. "మంటనే అనుకో. కాలు మాత్రం చూపియ్యి."

ఆమె తీరే అంత. కొత్తగా ఎవరొచ్చినా పాదాలు చూపమంటుంది. చదువుకునే డాక్టర్లు గుంపుగా వస్తే సిగ్గుపడకుండా దుప్పటి తీసి, తన ఒంటి మీది ఎర్ర మచ్చలూ కట్టు కట్టిన మడమా చూపిస్తుంది. "వీపులే చూస్తరేంది కొడుకా, కాళ్లు గూడ తిప్పి చూడుండ్రి!" అని కేకలేస్తుంది. ఆయమ్మలు ఆమెకు పాదాలవ్వ అని పేరు పెట్టారు.

పొద్దున డాక్టర్ రాగానే మొగిలమ్మ గొంతెత్తింది.

"అమ్మా, ఈ పిల్ల మడిమె చూడకుండ పంపకు!"

డాక్టర్ కమల పాదం తిప్పి చూసింది. "ఇవ్వాళ ఇంటికి పంపను, ఈ మచ్చ కోసి తీయాలి," అంది.

గుమ్మంలో నిలబడ్డ యాకయ్య అది విని, ఒక్కడే తిరిగి వెళ్లిపోయాడు.

"నా కొడుకును నాకు కాకుండ జేసినవ్! నీ నోట్ల మన్నువడ!"

మొగిలమ్మను తిట్టి, కమల గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ ఆ ముసలామెతో మాట్లాడలేదు.

మడమ కోసి మచ్చ తీశారు.

"ఇది వేరే కాన్సర్ కమలా. మొదటి దానికంటే చెడ్డది. మొదటిది ఉన్నవాళ్లకు అరుదుగా ఇదీ వస్తుంది," అంది డాక్టర్. "నీది ఇంకా లోతుకు దిగలేదు, గట్టెక్కావు. మొగిలమ్మ మడమ మీదా ఇదే వచ్చింది, మేం ఆలస్యంగా చూశాం."

కమల వార్డుకు తిరిగొచ్చేసరికి ఎదురు మంచం ఖాళీగా ఉంది. నడీడు మనిషి ఒకతను మొగిలమ్మ చీరలు మూట కడుతున్నాడు.

"అవ్వేది?"

"పొద్దుగాల పానం పోయింది చెల్లె. నేను పెద్దకొడుకును, సారయ్యను."

"కొడుకులున్నరా! మరి ఒక్కసారన్న ఇంటికి తీస్కపోలేదేంది?"

సారయ్య మూట ముడి బిగించి పక్కన పెట్టాడు.

"ఇగ మందు లేదు, ఇంటికి తీస్కపోండ్రని ఎండకాలంలనే చెప్పిండ్రు. తొర్రూరు నుంచి జీపు మాట్లాడుకొని వచ్చినప్పుడల్లా, మనుమల కోసం పానం కొట్టుకుంటాందని ఏడుసుకుంటనే, 'నేనొస్తె ఈ ఆడివిల్లల కాళ్లెవ్వలు చూస్తర్రా' అని మమ్ములను ఉత్తగ తిప్పి పంపింది."