బుచ్చయ్య పెట్టిన ఆన

"అన్నా, జర పక్కకు జరుగు. ఇంకో రెండు కుర్చీలు పడ్తయి" అన్నాడు అనుచరుడు కుర్మయ్య.

దీక్షలో ఉన్న మనిషినే జరగమంటున్నాడు. బుచ్చయ్య నీరసంగా పరుపును గోడలాంటి పరదా వైపు లాక్కున్నాడు. మూడో రోజుకే ఒంట్లో ఓపిక అడుగంటింది. టెంటు మాత్రం కిటకిటలాడుతోంది. మొదటిరోజు పట్టుమని పదిమంది లేరు. ఇప్పుడు సంచులతో, గొడుగులతో, చంకలో పిల్లలతో వచ్చి కూర్చుంటున్నారు. కొందరైతే ఇస్త్రీ బట్టలు వేసుకుని, పౌడరు రాసుకుని మరీ వస్తున్నారు. ఊరికి తనమీద ఇంత అభిమానం ఉందని బుచ్చయ్యకే తెలియదు. వచ్చే సర్పంచ్ ఎన్నికల్లో ఇక ఎదురులేదు, అప్పటిదాకా బతికుంటే.

శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చి రోడ్డు వెడల్పయ్యాక, సిటీ బస్సులు ఊరి కమాను దగ్గర ఆగకుండా రయ్యిమని పోతున్నాయి. అవి ఆగాలని బుచ్చయ్య ఆ కమాను పక్కనే టెంటు వేయించి ఆమరణ నిరాహార దీక్షకు కూర్చున్నాడు. అనుకున్న ప్రకారం ఆ సాయంత్రమే ఊరి పెద్దలు వచ్చి బతిమాలాలి, అతను కాదు కూడదనాలి, ఆఖరికి నిమ్మరసం తాగాలి, పేపర్లో ఫోటో పడాలి.

అంతా చెడగొట్టింది ఒక్క మాట. మైకు చేతికి రాగానే పూనకం వచ్చినట్టయి, "ఈడ బస్సు ఆగేదాక నన్ను ఎవ్వరన్న లేవమంటే మా అమ్మ ఆన!" అనేశాడు. ఆ మాట రాసిచ్చింది బడిలో తెలుగు చెప్పే శివశంకర్ సారు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ తర్వాత లేవమని అన్న నాథుడు లేడు. చాటుగా ఓ అరటిపండు తిందామంటే రాత్రిళ్లు కుర్మయ్య కాళ్ల దగ్గరే కాపలా పడుకుంటున్నాడు. పైగా నిన్నట్నుంచి పరదా అవతల ఎవడో మిరపకాయ బజ్జీల బండి పెట్టాడు. ఆ వాసనకు బుచ్చయ్యకు ఏడుపొస్తోంది.

పొద్దున్నే టెంటులోకి వచ్చిన శివశంకర్ సారును దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"సారూ, గా ఆన అంటే ఏందో జర ఇడమరిచి చెప్పు. తీసేసే ఉపాయం ఏమన్న ఉన్నదా?"

"బుచ్చయ్యగారూ, మనవి చేస్తే వినొచ్చు, మానొచ్చు. వేడుకుంటే జాలిపడొచ్చు. ఆన అలా కాదండీ. ఒకరి ప్రాణం అడ్డుపెట్టి ఎదుటివాళ్ల నోరు కట్టేయడం. రాజుగారి ఆన అంటే పూర్వం గడప దాటేవాళ్లు కారు. చాలా బరువైన మాట."

"గంత బరువు నా నెత్తిన ఎందుకు పెట్టినవ్ సారూ?"

"బరువైన మాటే కావాలన్నది మీరే కదండీ!"

"ఇగ తీసుడెట్ల?"

"కోరిన కోరిక తీరాలి. లేదంటే, ఎవరిమీద పెట్టారో ఆ తల్లే వచ్చి తీసేయాలి." సారు వాచీ చూసుకుని, సంచీ తగిలించుకుని గబగబా వెళ్లిపోయాడు. అతనితోపాటే సగం టెంటు లేచిపోయింది. ఇలా గుంపుగా రావడం, గుంపుగా పోవడం వాళ్లకు అలవాటే. వంతులు వేసుకుని మద్దతిస్తున్నారని కుర్మయ్య చెప్పాడు.

"కుర్మయ్యా, ఆ పరదా జర తియ్యి. గాలాడ్తలేదు."

"వద్దన్నా. రోడ్డు దుమ్ముకు నీ పానం ఆగమైతదనే కదా నిన్న నేను కట్టింది! తొందరేమున్నది? ఊరంత నీ నీడలనే కూసుంటున్నది."

బుచ్చయ్య గుండె ఉప్పొంగింది. కడుపు మాత్రం ఒప్పుకోలేదు. టెంటు మళ్లీ నిండుతుండగా ఆ గుంపులో తల్లి అనంతమ్మ కనిపించింది. కొడుకును ఆకలితో చూడలేనని ఇన్నాళ్లూ ఇటు తొంగిచూడని మనిషి, ఇవాళ మంచి చీర కట్టుకుని, చేతిసంచీతో వచ్చింది. దేవతే దిగివచ్చినట్టనిపించింది బుచ్చయ్యకు.

"ఎట్ల గుంజుకపోయినవ్ బిడ్డా!" ఆమె కళ్లనిండా నీళ్లు.

"అమ్మా, ఆన నువ్వే తియ్యాలెనట. లేవమని ఒక్క మాట అను. ఇగ నాతోని అయితలేదు."

అనంతమ్మ కుర్మయ్య వైపు చూసింది. కుర్మయ్య టెంటు కప్పు వైపు చూశాడు.

"అంట బిడ్డా. పొద్దుగూకినంక అంట."

"ఇప్పుడే అనమ్మా! నీ కాళ్లు మొక్కుత!"

పరదా అవతల హారన్ మోగింది. టెంటంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. తల్లీకొడుకుల మీద ఊరికి ఇంత గౌరవమా అని బుచ్చయ్య కళ్లు చెమర్చాయి. పడుకునే రెండు చేతులూ జోడించి అందరికీ దండం పెట్టాడు. అనంతమ్మ కూడా లేచి చేతిసంచీ భుజానికెత్తుకుంది.

"అమ్మా, ఏడికి? ఆన తియ్యవా?"

"మల్లొచ్చి తీస్త బిడ్డా, బస్సొచ్చింది!"