టంకం పొగ

"పొగ లాగే ఫ్యాన్ లేకపోయినా ఏం కాదు మేడమ్," అన్నాడు సూపర్‌వైజరు, తనిఖీకి వచ్చినామెను గుర్తుపట్టకుండా.

ఒకప్పుడు ఇదే బల్ల దగ్గర సర్క్యూట్ బోర్డులకు టంకం వేసిన మనిషి ఆమె. ఫ్యాన్ పెట్టమని అడిగితే ఇతనే గెంటేయించాడు. ఆ పొగతో పట్టుకున్న ఆయాసం ఇంకా వదల్లేదు.

"అయితే మీరే కూర్చుని టంకం వేయండి," అందామె.

నవ్వుతూ కూర్చున్నాడు. కాసేపటికే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆమెకు కడుపు నిండినట్టయింది.

"ఇక చాలు మేడమ్."

"కానివ్వండి."

పక్క బల్ల అమ్మాయి కూడా దగ్గసాగింది. "ఆయన పొగంతా నాకే కొడుతోంది మేడమ్."

ఆమె ఉలిక్కిపడింది. వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేసింది. ఫ్యాన్లు పెట్టేదాకా పని బందన్నది.

సూపర్‌వైజరు కళ్లు తుడుచుకుంటూ, "బతికించారు, చల్లగా ఉండండి మేడమ్," అన్నాడు.

ఆ దీవెన ఆమెకు మింగుడుపడలేదు.