గంటన్నర వెనక

"కౌంటరు మూసేశామండీ," అంది ఎయిర్‌పోర్టులో టికెట్లు చూసే అమ్మాయి.

"విమానం పదకొండుకి కదమ్మా! ఇంకా తొమ్మిదేగా!" బీరాన్ తన చేతి వాచీ చూపించాడు.

"ఇక్కడ పదిన్నరయిందండీ. మీ వాచీలో ఉన్నది దుబాయి టైము."

బీరాన్ నాలుక కరుచుకున్నాడు. కోళికోడు నుంచి దుబాయి రెండువేల ఏడువందల కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణమని ఊళ్లో అడగనివాళ్లకి కూడా చెప్పే మనిషి! దుబాయిలో ఉన్న కూతురికి ఈ వారమే పురుడు. భార్య నబీసును మొదటిసారి విమానం ఎక్కించడానికి బయల్దేరి, బోలెడంత టైముందని దారిలో రెండుచోట్ల ఆగి మరీ చాయ్ తాగాడు.

"నాలుగు గంటల దారన్నారు. గుమ్మమే దాటించలేకపోయారు," అంది నబీసు.

"రేప్పొద్దున ఇంకోటుందట. తప్పు నాదే. దుబాయి నుంచి తిరిగొచ్చి రెండేళ్లయినా వాచీ మార్చలేదు. చూసినవాళ్లు గల్ఫు మనిషి అనుకోవాలని నా గొప్ప!"

"అక్కడున్న ఇరవై ఎనిమిదేళ్లూ ఏ టైము పెట్టుకున్నారు?"

"మన ఊరిదే. నువ్వు ఏ వేళకి లేస్తావో, ఏ వేళకి తింటావో లెక్క చూసుకుంటుండేవాణ్ణి."

నబీసు అతనివైపు తిరిగింది. "ఇప్పుడు పక్కనే ఉన్నానుగా. చూస్తున్నారా?"

బీరాన్ ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?" అని అడిగాడు బీరాన్.